రెండో గీత

ఓడల కార్ఖానాలో ముప్పై ఒక్కేళ్ళు
అతుకుల్ని అనుమానించడమే నా ఉద్యోగం.
వెల్డింగు మీద ఎర్ర రంగు పూసి
పది నిమిషాలు ఊరుకుని
గుడ్డతో తుడిచి తెల్ల పొడి చల్లితే
కంటికి ఆనని పగులు
వెంట్రుకంత ఎర్రగా బైటకొచ్చి నిలబడేది.
సుద్దముక్కతో దాని చుట్టూ సున్నా చుట్టేవాణ్ణి.
వెల్డర్లు చాటున తిట్టుకునేవారు.
మజ్జి గురువులైతే మొహానే తిట్టేవాడు.

గురువులు పోయి రెండేళ్ళు.
రక్తం పడుతోందని ఏడాదిగా తెలుసు వాడికి.
మొలలన్నాడు, వేడి చేసిందన్నాడు,
ఎండుచేపల పులుసు మానేశాడు,
పూర్ణా మార్కెట్ వెనక ఎవరో ఇచ్చిన పసరు తాగాడు.
మాకు చెప్పలేదు.
కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందట కదా.
చివరికి కేజీహెచ్‌లో వాళ్ళే చించారు.
అప్పటికే కాలేయం దాకా పాకింది.

పింఛనర్ల శిబిరంలో ఇచ్చిన సీసా
కుంకుడుకాయంత ఆకుపచ్చ మూతది
నా చేతిలో పెట్టి
"గురువులుని చూశావుగా" అంది నూకరత్నం.
అంతకు మించి అనలేదు.

పుల్లతో గీరాలి, ముంచాలి, మూత బిగించాలి,
పేరు రాయాలి.
అక్కడ ఆగింది చెయ్యి.
ఎన్ని ఓడల అడుగుల మీద సంతకం పెట్టానో,
దీనిమీద పేరు పెట్టడానికి సిగ్గేసింది.

నల్ల కవర్లో చుట్టి సింధియా దగ్గర బస్సెక్కాను.
పక్క సీటావిడ ఒళ్ళో కానాగంతల గంప.
బస్సంతా ఆవిణ్ణి చూసి ముక్కు మూసుకుంటుంటే
నా సంచీ దొరబిడ్డలా కూర్చుంది.

ల్యాబులో పిల్ల పేరు హైమ.
"సిగ్గెందుకు తాతా, కలెక్టరైనా ఇదే తెస్తాడు" అని
తెల్ల పలక మీద మూడు చుక్కలు వేసింది.
మొదటి గీత పలక పనిచేస్తోందనడానికి.
రెండోది నాది.
ఎర్రగా, నింపాదిగా వచ్చి నిలబడింది.

"నాకెప్పుడూ రక్తం కనబడలేదమ్మా."
"కనబడితే ఇదెందుకు తాతా?"
నా మాటే.
గురువులుతో నేను రోజూ అన్న మాటే.

పగులుందని రంగు చెబుతుంది,
ఎంత లోతో చెప్పదు. లోపలికెళ్ళి చూడాలి.

ముందు రోజు గంజి తేట, కొబ్బరినీళ్ళు.
సాయంత్రం రెండు లీటర్ల మందునీళ్ళు,
నిమ్మకాయనని అబద్ధమాడే సముద్రం.
డాల్ఫిన్స్ నోస్ మీద దీపం తిరుగుతూనే ఉంది,
నేను దొడ్డికి తిరుగుతూనే ఉన్నాను.
తెల్లారేసరికి
నీళ్ళు తోడేసిన డ్రై డాకుని.

డాక్టర్ వహీదా మత్తు కొంచెమే ఇచ్చింది.
తెరమీద గులాబీ రంగు గొట్టం,
మడత వెనక మడత, తడిగా,
అరవై రెండేళ్ళు నాలోనే ఉండి
నేను గడప తొక్కని ఇల్లు.
మలుపులో ఒకటి,
తొలకరి పుట్టగొడుగంత, కాడతో సహా.
తీగ ఉచ్చు వేసి బిగించింది.
సన్నగా పొగ లేచింది,
మా వెల్డింగు పొగకి మనవరాల్లా.
నొప్పి లేదు.

పది రోజులకి కాగితం వచ్చింది.
కేన్సరు కాదు.
"వదిలేస్తే?" అన్నాను.
"కొన్ని ఊరుకుంటాయి, కొన్ని ఊరుకోవు.
ఏది ఏదో మొహం చూసి చెప్పలేను" అంది.
మూడేళ్ళకి మళ్ళీ రమ్మంది.

గేటు బయట టీ బడ్డీ దగ్గర
గురువులు కొడుకు సన్నిబాబు,
నలభై ఒకటి, అదే షాపులో వెల్డరు.
ఆకుపచ్చ మూత సీసా బల్లమీద పెట్టాను.
తండ్రికి వస్తే బిడ్డలు ముందే చూపించుకోవాలట, అన్నాను,
గొంతు తగ్గించకుండానే.
టీ తాగేవాళ్ళందరూ తిరిగి చూశారు.
వాడు గ్లాసులోకి చూశాడు.

రిటైరైనా జేబులో సుద్దముక్క ఉంటుంది, ఎందుకో.
సీసా చుట్టూ సున్నా చుట్టాను.

తిట్టరా, అన్నాను.
మీ నాన్న మొహానే తిట్టేవాడు.